లాఠీ ఎప్పుడు జడ్జీ అయింది?

రేపల్లెలో పొద్దున పాసింజరు ఎక్కితే తెనాలి చేరేలోపు లోకంలో వున్న సంగతులన్నీ తేలిపోతాయి. పల్లికోన దాటేసరికి సెల్లు ఫోన్లు బయటికొస్తాయి. భట్టిప్రోలులో వాదన మొదలవుతుంది. వేమూరు దగ్గర గొంతులు లేస్తాయి. చినరావూరు వచ్చేసరికి ఎవరి సంచులు వాళ్ళు సర్దుకుంటారు. ఒకరి పేరు ఒకరికి తెలియదు. అయినా అన్నదమ్ముల్లాగా కొట్లాడుకుంటారు.

2025 మే చివరి వారంలో ఆ పెట్టెలో అందరి ఫోన్లలోనూ ఒకటే వీడియో. తెనాలి ఐతానగర్ నడిరోడ్డు. ముగ్గురు కుర్రాళ్ళని నేల మీద కూచోబెట్టారు. ఒక పోలీసు కాలితో తొక్కిపట్టి వుంటే ఇంకొక పోలీసు అరికాళ్ళ మీద లాఠీతో కొడుతున్నాడు. జనం చూస్తున్నారు. ఆ కుర్రాళ్ళు దళితులు, ముస్లిములు. కానిస్టేబుల్ మీద దాడి చేశారని, గంజాయి బాపతని, పాత కేసులున్నాయని పోలీసులు చెప్పారు. కొట్టింది ఏప్రిల్ చివరి వారంలో. రాష్ట్రం దాని గురించి నోరు తెరిచింది నెల తరవాత, ఆ వీడియో చేతులు మారినాకే.

నా ఎదురు సీట్లో రిటైరైన పెద్దాయన ఒకరు, ఆయన పక్కన సెల్లు రిపేరు షాపు కుర్రాడు, కిటికీ దగ్గర తెనాలి మార్కెట్టుకి పోయే తల్లి, గుంటూరులో డిగ్రీ చదివే పిల్లోడు. పెద్దాయన వీడియో చూసి ఫోను తిరిగిచ్చి, "ఇట్టా ఇంకో నాలుగు తగిలిస్తేగానీ వూరు బాగుపడదు" అన్నాడు. ఇద్దరు ముగ్గురు తల వూపారు. నేను వూపలేదు. అక్కడ మొదలైంది.

అప్పటినుంచి ఇటు రేపల్లె, అటు బాపట్ల ఎన్నిసార్లు తిరిగానో అన్నిసార్లు ఈ వాదన ఏదో ఒక రూపంలో నా ముందుకొచ్చింది. మనుషులు మారారుగానీ మాటలు మారలేదు. వాళ్ళేమీ దుర్మార్గులు కాదు. రైల్లో చోటిచ్చేవాళ్ళు, మంచినీళ్ళ సీసా అందించేవాళ్ళు. అందుకే వాళ్ళకి చెప్పిన జవాబులు ఇక్కడ రాస్తన్నాను. మన పిల్లలు రేపు ఏ బస్సులోనో, ఏ టీకొట్టు దగ్గరో ఇవే మాటలు వింటారు. అప్పుడు నోరు మూసుకు కూచోకూడదు.

ఒకటో మాట: "రౌడీల్ని కొడితే తప్పేంటి?"

పెద్దాయన అడిగింది ఇది. నేను ఎదురు ప్రశ్న వేశాను. "అయ్యా, ఈ దేశంలో ఒక మనిషికి లాఠీ దెబ్బలు శిక్షగా వేసే అధికారం ఎవరికుంది? మేజిస్ట్రేటుకుందా? జిల్లా జడ్జికుందా?"

ఆయన కొంచెం ఆలోచించి, "జడ్జికి వుంటదిగా" అన్నాడు.

లేదు. ఎవరికీ లేదు. తెల్లదొరల కాలంలో వుండేది. 1864లో ఒకసారి, 1909లో ఇంకోసారి కొరడా దెబ్బల శిక్ష కోసం ప్రత్యేకంగా చట్టాలు చేశారు. దొంగతనం చేసినవాణ్ణి కట్టేసి కొట్టమని కోర్టు తీర్పు రాయొచ్చు. స్వతంత్రం వచ్చాక 1955లో మన పార్లమెంటు ఆ శిక్షని రద్దు చేసింది. అంటే అప్పటినుంచి ఈ దేశంలో సుప్రీం కోర్టు ప్రధాన న్యాయమూర్తి కూడా ఒక నేరస్తుడికి "పది దెబ్బలు" అని తీర్పు రాయలేడు. హత్య రుజువైనవాడికి కూడా రాయలేడు. అంత పెద్ద కోర్టుకి లేని అధికారం ఐతానగర్ రోడ్డు మీద ఖాకీ బట్టలకి ఎక్కణ్ణించి వచ్చింది?

కానిస్టేబుల్‌ని కొట్టారనుకుందాం. అది నేరమే, నేను కాదనను. కానిస్టేబులూ కూలినాలి చేసుకునే ఇంట్లో పుట్టినవాడే, అతని మీద చెయ్యెత్తే హక్కు ఎవరికీ లేదు. దానికి చట్టం వుంది. విధుల్లో వున్న ఉద్యోగి మీద దాడికి భారతీయ న్యాయ సంహిత 132వ సెక్షన్, హత్యాయత్నమైతే 109వ సెక్షన్. కేసు పెట్టండి, అరెస్టు చేయండి, 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు నిలబెట్టండి, సాక్ష్యం చూపించి శిక్ష వేయించండి. ఎవరొద్దన్నారు? అరెస్టయిన మనిషి పారిపోకుండా ఎంత అవసరమో అంతకు మించి నిర్బంధించకూడదని నాగరిక్ సురక్షా సంహిత 46వ సెక్షన్ చెబుతోంది. అరెస్టు కాగానే డాక్టరు చేత పరీక్ష చేయించాలని 53వ సెక్షన్ చెబుతోంది. రోడ్డు మీద తొక్కిపట్టి కొట్టమని చెప్పే సెక్షను ఏ పుస్తకంలోనూ లేదు.

రౌడీ షీటు గురించి కూడా చెప్పాలి. చాలామంది అది కోర్టు వేసిన ముద్ర అనుకుంటారు. కాదు. పోలీసు స్టాండింగ్ ఆర్డర్ల కింద స్టేషన్లోనే తెరిచే కాగితం. ఆ కాగితం చూపించి మనిషిని కొట్టడమంటే, తానే ముద్ర వేసి, ఆ ముద్రే సాక్ష్యమని చూపించి, తానే శిక్ష వేయడం. ఫిర్యాదీ, సాక్షి, జడ్జీ, తలారి అందరూ ఒక్కడే.

రెండో మాట: "ఇందులో కులం ఎక్కడుంది?"

ఇది షాపు కుర్రాడు అడిగాడు. మంచి పిల్లాడే. "అన్నా, ప్రతిదాంట్లో కులం లాగుతారేంది? తప్పు చేసినోణ్ణి కొట్టారు, అంతేగా?"

"సరే తమ్ముడూ, నీకు తెలిసి కోట్ల రూపాయలు ఎగ్గొట్టినవాణ్ణి, తాగి కారుతో మనిషిని గుద్దిన పెద్దింటి కొడుకుని, ఓట్ల రోజున బూతులో కొట్లాడిన నాయకుణ్ణి ఎప్పుడన్నా నడిరోడ్డు మీద కూచోబెట్టి అరికాళ్ళ మీద కొట్టగా చూశావా?" అన్నాను. వాడు నవ్వాడు. నవ్వులోనే జవాబుంది.

లాఠీ లేచేముందు ఇల్లు చూస్తుంది, పేట చూస్తుంది, ఇంటిపేరు చూస్తుంది. ఈ వీపుకి ఫోను చేసే మామ ఎవరన్నా వున్నాడా అని చూస్తుంది. ఎవరూ లేరని తేలాకే పడుతుంది. మన దేశ జనాభాలో షెడ్యూల్డు కులాలు 2011 లెక్కల్లో 16.6 శాతం. జైళ్ళలో విచారణ ఖైదీలుగా మగ్గేవాళ్ళలో మనం సుమారు అయిదో వంతు. నేరం రుజువు కాకముందే జైల్లో వున్నవాళ్ళు వీళ్ళు. మనవాళ్ళు పుట్టుకతో నేరస్తులా, లేక పట్టుకోవడం తేలిక, బెయిలు దొరకడం కష్టమా?

"పుట్టుకతో నేరస్తులు" అనే మాట నేను కల్పించింది కాదు. దాన్ని చట్టంగా రాశారు. ఆ చట్టం గుర్తు మన బాపట్ల పక్కనే వుంది. స్టువర్టుపురం. నేరస్త జాతుల చట్టం 1911లో మద్రాసు రాష్ట్రానికి వచ్చింది. దాని కింద ఎరుకల కుటుంబాల్ని తెచ్చి 1913 ప్రాంతంలో ఇక్కడ సెటిల్మెంటు పెట్టి సాల్వేషన్ ఆర్మీ చేతికిచ్చారు. స్టువర్టు అనే తెల్లదొర పేరు పెట్టారు. రిజిస్టరులో పేరెక్కిన వాళ్ళు హాజరీ వేయించుకోవాలి. చెప్పకుండా వూరు దాటకూడదు. వేలిముద్ర ఎప్పుడడిగితే అప్పుడియ్యాలి. ఆ రోజుల్లో వేలిముద్రే కొత్త టెక్నాలజీ! కొత్త యంత్రం ఏదొచ్చినా మొదట పరీక్షించేది పేదవాడి ఒంటి మీదే.

1952లో ఆ చట్టం పోయింది. దాని స్థానంలో "అలవాటు నేరస్తుల" చట్టాలు వచ్చాయి. 2022లో కేంద్రం తెచ్చిన గుర్తింపు చట్టంతో అరెస్టయినవాళ్ళ వేలిముద్రలే కాదు, కంటిపాప కొలతలు కూడా తీసి 75 ఏళ్ళు దాచుకోవచ్చు. కులాన్ని బట్టి జైల్లో వంటపని, పాకీపని పంచే పద్ధతి చెల్లదని సుప్రీం కోర్టు తీర్పు చెప్పింది ఎప్పుడనుకున్నారు? 2024 అక్టోబరు 3న! రాజ్యాంగం వచ్చిన డెబ్భై నాలుగేళ్ళకి. కులం ఎక్కడుందని అడిగేవాళ్ళకి నేను చెప్పేది ఇదే. కులం లాఠీ చివర లేదు, లాఠీ పట్టుకున్న పిడికిట్లో వుంది.

ఇక్కడొక సంగతి మరవకూడదు. దెబ్బలు తిన్నవాళ్ళలో ముస్లిం కుర్రాడికి అట్రాసిటీ చట్టం వర్తించదు. అందుకని వాణ్ణి వదిలేసి మన పిల్లల గురించే మాట్లాడదామా? మాట్లాడితే మన వాదనే కూలిపోతుంది. మనం నిలబడేది 21వ అధికరణం మీద. అది ఏ కులానిదీ, ఏ మతానిదీ కాదు. బతుకు అందరిదీ.

మూడో మాట: "కోర్టులకి పోతే ముప్పయ్యేళ్ళు"

ఇది అందరూ అనే మాట. కొట్టిపారేయడానికి లేదు. ఇది మనకంటే ఎక్కువ తెలిసినవాళ్ళు ఎవరు?

తెనాలిలో రైలు మారి బాపట్ల వైపు పోతే వచ్చే స్టేషను చుండూరు. 1991లో అక్కడ సినిమా హాల్లో ఒక దళిత యువకుడి కాలు అగ్రకులం వాడికి తగిలింది. అక్కణ్ణించి గొడవ రాజుకుని ఆగస్టు 6న ఎనిమిది మందిని నరికి చంపారు. గోతాల్లో కుక్కి తుంగభద్ర కాలవలో పడేశారు. ఆ రోజు పోలీసులు వూళ్ళోనే వున్నారు. చుండూరులోనే ప్రత్యేక కోర్టు పెట్టించుకోవడానికి మనం పోరాడాల్సొచ్చింది. తీర్పు 2007 జూలై 31న వచ్చింది. 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందర్నీ వదిలేసింది. అది సుప్రీం కోర్టుకి పోయింది. రక్తక్షేత్రంలో సమాధుల మీద గడ్డి ఎన్నిసార్లు మొలిచిందో లెక్కలేదు.

కోర్టు ఆలస్యం గురించి మనకెవడూ పాఠం చెప్పక్కర్లేదు. కానీ ఒక్కటి ఆలోచించండి. చుండూరు నిందితుల్ని ఒక్కణ్ణన్నా ఎవరన్నా రోడ్డు మీద అరికాళ్ళ మీద కొట్టారా? "కోర్టు ఆలస్యమవుతుంది, ఇక్కడే తేల్చేద్దాం" అని ఏ సీఐకన్నా అనిపించిందా? అనిపించలేదు. వాళ్ళకి వకీళ్ళొచ్చారు, బెయిళ్ళొచ్చాయి, అప్పీళ్ళొచ్చాయి, "అనుమానం వుంటే నిందితుడికే లాభం" అనే సూత్రమొచ్చింది. మంచి సూత్రమే, వుండాల్సిందే. మరి అదే సూత్రం ఐతానగర్ కుర్రాళ్ళ దగ్గరికొచ్చేసరికి ఏ చెట్టెక్కింది? ఎనిమిది శవాలకి దొరకని తొందర ఒక కానిస్టేబుల్ కేసులో దొరికిందా?

పెద్దాయన ఇక్కడ ఆగాడు. ఆగి, "మీదే వూరు బాబూ?" అన్నాడు. చెప్పాను. "ఏ బజారు?" చెప్పాను. "ఆహా" అన్నాడు.

ఈ "ఆహా" అందరికీ తెలిసిందే. ముక్కూ మొహం తెలియనివాళ్ళతో మాట్లాడడంలో వున్న సుఖమేంటంటే, కాసేపు మనం మాటని బట్టే మనుషులం. భట్టిప్రోలు నుంచి వేమూరు దాకా నేను సెక్షన్లు తెలిసిన మనిషిని. బజారు పేరు చెప్పగానే "అందుకే అట్టా మాట్లాడతన్నాడు" అయిపోయాను. ఆయన ఏ బజారో నేనడగలేదు. అడిగితే కులం లాగుతున్నాడని అందును! తనది కులం కాదు, అభిప్రాయం. నాది అభిప్రాయం కాదు, కులం.

నాలుగో మాట: "మరి ఆడపిల్లలకి రక్షణ వద్దా?"

కిటికీ దగ్గర తల్లి అప్పటిదాకా వింటూ కూచుంది. అప్పుడంది, "అన్నా, నువ్వు చెప్పేది బానే వుంది. చీకటితో లేచి రైలెక్కేది మేము. తాగుబోతులు మీద పడితే ఎవర్ని పిలవాలి? పోలీసుకి భయం లేకపోతే మేం బతుకుతామా?"

ఇది వాదన కాదు, బాధ. ఈ ప్రశ్నకి జవాబు చెప్పకుండా మిగతావన్నీ ఎన్ని చెప్పినా దండగ. 2022 మే 1 తెల్లవారకముందు ఇదే రేపల్లె స్టేషను ప్లాట్‌ఫారం మీద ఏం జరిగిందో ఆమెకి తెలుసు, నాకూ తెలుసు. కూలి పనికి భర్తతో పిల్లలతో వలస వచ్చి, రాత్రి పోవడానికి బండి లేక స్టేషన్లో పడుకున్న గర్భవతి మీద అత్యాచారం జరిగింది. భర్తని కొట్టారు. స్టేషనంటే సర్కారు స్థలం. దీపాలుంటాయి, రైల్వే పోలీసుంటారు. అయినా జరిగింది.

అప్పట్లో రాష్ట్రంలో "దిశ" అనే పేరు మారుమోగింది. 2019 డిసెంబరులో అసెంబ్లీ బిల్లు పాసు చేసింది. 21 రోజుల్లో తీర్పన్నారు. దానికి రాష్ట్రపతి ఆమోదమే రాలేదు, అది చట్టమే కాలేదు. పోలీసు స్టేషన్లకి మాత్రం ఆ పేరు పెట్టారు. 2020 ఫిబ్రవరిలో ఫోన్లో దిశ ఆప్ వచ్చింది. ప్రభుత్వం మారినాక 2025 మార్చిలో శక్తి ఆప్ వచ్చింది. ఆప్‌లు వద్దని నేననను. ఫోను వుండి, చార్జింగు వుండి, సిగ్నలు వుండి, మీట నొక్కితే వచ్చే మనిషి వుంటే అవి పనికొస్తాయి. కూలి కోసం ప్లాట్‌ఫారం మీద పడుకునే ఆడమనిషికి ముందు కావాల్సింది తలుపు గడియ వున్న గది, దీపం వెలిగే మరుగుదొడ్డి, రాత్రంతా మేలుకునే కానిస్టేబులు. ఆప్ పేరు మార్చినంత తేలిగ్గా ఇవి రావు.

ఆ తల్లితో నేనన్నది ఇది. "అమ్మా, పోలీసు వద్దని ఎవరన్నారు? మనకి పోలీసు కావాలి. మనం కేసు పెట్టడానికి పోతే వెంటనే రాసుకునే పోలీసు కావాలి. రోడ్డు మీద కొట్టే పోలీసు, స్టేషన్లో నీ ఫిర్యాదు తీసుకోకుండా కూచోబెట్టే పోలీసు ఒక్కడే. ఇద్దరూ చట్టం తమకి వర్తించదనుకునేవాళ్ళే. ఇవాళ వాణ్ణి కొట్టినందుకు చప్పట్లు కొడితే, రేపు నీ కేసు రాయనందుకు ఎవర్నడుగుతావు?" ఆమె వెంటనే ఒప్పుకోలేదు. "చూద్దాం అన్నా" అంది. సగం ఒప్పుకున్నట్టే అనుకున్నాను.

పార్టీల సంగతి

తెనాలి వీడియో బయటపడగానే ఒక పార్టీ పరామర్శకొచ్చింది, ఇంకో పార్టీ "వాళ్ళు రౌడీలు" అంది. మనం రెండింటినీ గుర్తుపెట్టుకోవాలి. 2020 జూలైలో చీరాలలో మాస్కు పెట్టుకోలేదని ఆపిన దళిత యువకుడు చనిపోయాడు. పోలీసులు కొట్టి చంపారని ఇంటివాళ్ళు, జీపులోంచి దూకాడని పోలీసులు. అక్కడ వీడియో లేదు. అదే ఏడాది మేలో విశాఖపట్నంలో మాస్కుల కొరత గురించి మాట్లాడి సస్పెండయిన దళిత డాక్టరు సుధాకర్‌ని చేతులు వెనక్కి కట్టి రోడ్డు మీద పడేశారు. అక్కడ వీడియో వుంది. హైకోర్టు సీబీఐకి అప్పగించింది. అప్పుడు ప్రతిపక్షంలో వుండి ఆ వీడియోతో హైకోర్టుకి లేఖ రాసిన వంగలపూడి అనిత 2024లో హోంమంత్రి అయ్యారు. తెనాలి లాఠీ ఆమె శాఖదే.

2019లో మేకతోటి సుచరిత, 2022లో తానేటి వనిత, 2024లో అనిత. వరసగా ముగ్గురు దళిత స్త్రీలు హోంమంత్రి కుర్చీలో కూచున్నారు. రెండు పార్టీలూ గొప్పగా చెప్పుకున్నాయి. కుర్చీ మనకిచ్చారు, లాఠీ మాత్రం వాళ్ళే వుంచుకున్నారు. కుర్చీ ఇచ్చింది ఎందుకో మనకి అర్థం కావాలి. లాఠీ మీద కోపమొస్తే అది కుర్చీ మీదికి మళ్ళాలని.

అయిదో మాట: "వీడియో తీసినోణ్ణి పట్టుకోవాలి ముందు!"

ఇది పక్క సీట్లోంచి వచ్చింది. తీయడం నేరమా? బహిరంగ రోడ్డు మీద పోలీసు చేసే పనిని దూరం నుంచి, అడ్డం పోకుండా ఫోన్లో తీయడాన్ని నేరమనే చట్టమేదీ లేదు. పోలీసు స్టేషను కూడా అధికార రహస్యాల చట్టం కింద నిషేధిత స్థలం కాదని 2022లో బొంబాయి హైకోర్టు నాగపూరు బెంచి చెప్పింది. అడ్డం పోయావని, విధులకి ఆటంకం కలిగించావని కేసు పెట్టొచ్చు. అందుకే దూరంగా వుండాలి, నోరు పారేసుకోకూడదు.

పోలీసులే కెమెరా పెట్టుకోవాలని కూడా తీర్పుంది. 2020 డిసెంబరు 2న సుప్రీం కోర్టు ప్రతి స్టేషన్లో, లాకప్పులో, వరండాలో సీసీ కెమెరా వుండాలని, రికార్డు 18 నెలలు దాచాలని, కుదరకపోతే కనీసం ఏడాది వుంచాలని చెప్పింది. అవి పనిచేయడం లేదనే వార్తలు చూసి 2025 సెప్టెంబరులో అదే కోర్టు తనంతట తానే మళ్ళీ కేసు చేపట్టాల్సొచ్చింది. వీధివీధికీ మనల్ని చూసే కెమెరా పెట్టినవాళ్ళకి, తమని చూసే కెమెరా మాత్రం రిపేరు!

అయితే వీడియో వుంటే న్యాయం వచ్చేసినట్టే అనుకోవద్దు. 2016 జూలైలో గుజరాత్ ఊనాలో చచ్చిన ఆవు తోలు తీసిన మన పిల్లల్ని కారుకి కట్టి కొట్టినవాళ్ళు, ఆ వీడియో తామే తీసి తామే పంచారు. వాళ్ళకది సాక్ష్యం కాదు, ప్రతాపం. 2022 అక్టోబరులో అదే గుజరాత్ ఖేడా జిల్లాలో ముస్లిం యువకుల్ని స్తంభానికి ఆనించి పోలీసులు కొడుతుంటే జనం జేజేలు కొట్టారు. ఆ వీడియో ఆధారంగానే 2023 అక్టోబరులో హైకోర్టు నలుగురు పోలీసులకి కోర్టు ధిక్కారం కింద 14 రోజుల జైలు వేసింది. ఏ ధిక్కారం? 1996లో డి.కె.బసు కేసులో సుప్రీం కోర్టు అరెస్టుకి పెట్టిన నియమాల ధిక్కారం. సుప్రీం కోర్టులో ఆ శిక్షకి స్టే వచ్చిందనుకోండి, కానీ మనుషుల్ని స్తంభానికి కట్టి కొట్టే అధికారం మీకెక్కడిదని అదే కోర్టు 2024 జనవరిలో అడిగింది. రెండు వీడియోల్లోనూ దెబ్బలు ఒకటే. ఒకటి స్టేటస్ అయింది, ఒకటి కోర్టు కాగితం అయింది. తేడా ఆ వీడియోని ఎవరు, ఎక్కడికి తీసుకుపోయారన్న దాంట్లో వుంది.

చుండూరులో ఎవడి చేతిలోనూ ఫోను లేదు. చూసినవాళ్ళ కళ్ళే సాక్ష్యం. ఆ కళ్ళని కోర్టు నమ్మలేదు. ఇవాళ మన ప్రతి ఇంట్లో ఫోను వుంది. దాన్ని మనం ఏం చేస్తన్నాం? మనవాణ్ణి కొడుతున్న వీడియో మనమే పది గ్రూపులకి పంపి, ఏడుపు బొమ్మ పెట్టి, రాత్రికి మర్చిపోతన్నాం. దెబ్బలు తిన్న పిల్లోడి మొహం వాడి చెల్లెలి కాలేజీలో తిరుగుతోంది. వాణ్ణి పోలీసు ఒక్కసారి కొట్టాడు, మనం లక్షసార్లు కొట్టించాం.

కాబట్టి చేయాల్సినవి రాస్తన్నాను. పేటలో చదువొచ్చినవాళ్ళు బిగ్గరగా చదివి వినిపించండి.

తీసిన వీడియో అసలు ఫైలుని కత్తిరించొద్దు, పాట కలపొద్దు, పేరు మార్చొద్దు. తీసిన ఫోను అమ్మొద్దు. వాట్సాప్‌లో తిరిగిన కాపీ నలిగిపోయిన కాపీ. అసలుని అట్టాగే ఇంకో చోట దాచి, తేదీ, సమయం, చోటు, ఎవరున్నారో కాగితం మీద రాసి సంతకం చేసి పెట్టుకోండి. కోర్టులో ఎలక్ట్రానిక్ సాక్ష్యం నిలబడాలంటే సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ కావాలి. వకీలుతో అది ముందే రాయించండి. బయట పెట్టాల్సొస్తే బాధితుల మొహం కనపడకుండా చేయండి, కొట్టినవాళ్ళ మొహం కాదు.

మేజిస్ట్రేటు ముందుకి తీసుకుపోయినప్పుడు "కొట్టారా?" అని అడిగితే భయపడి "లేదు" అనొద్దు. అడక్కపోయినా చెప్పండి, దెబ్బలు చూపించండి, డాక్టరు పరీక్ష అడగండి. పోలీసు దగ్గర ఒప్పుకున్న మాట కోర్టులో సాక్ష్యం కాదు.

ఫిర్యాదు ఏ స్టేషన్లోనైనా ఇవ్వొచ్చు. జీరో ఎఫ్ఐఆర్ 173వ సెక్షన్లోనే వుంది. రాసుకోకపోతే ఎస్పీకి, తరవాత మేజిస్ట్రేటుకి. అట్రాసిటీ కేసైతే డీఎస్పీ స్థాయికి తగ్గని అధికారి దర్యాప్తు చేయాలి. విధి నిర్వహించని ప్రభుత్వోద్యోగి మీద ఆ చట్టం 4వ సెక్షన్ వుంది. 15ఎ సెక్షన్ ప్రకారం ఆ కేసుల విచారణ అంతా వీడియో రికార్డు చేయాలి. అడిగి మరీ చేయించుకోండి. కెమెరా వాళ్ళ చేతిలోనే కాదు, చట్టంలో మన తరఫునా వుంది. ఎస్సీ ఎస్టీలకి, ఆడవాళ్ళకి ఆదాయంతో పనిలేకుండా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా వకీలుని ఇవ్వాలి.

గంజాయి సంగతి దాచొద్దు. మన పేటల్లోకి వస్తోంది. దాన్ని ఆపాల్సింది మనమే, మన పిల్లల కోసం. పోలీసుకి చప్పట్లు కొట్టడం ద్వారా కాదు, లైబ్రరీ తెరిచి, పని చూపించి, అమ్మేవాడు ఎవడి అండతో అమ్ముతున్నాడో బయటపెట్టి. గంజాయి తాగేవాడి అరికాళ్ళు దొరికినంత సులువుగా, పైనుంచి పంపేవాడి అరికాళ్ళు ఎందుకు దొరకవో కూడా అడగాలి.

చినరావూరు దాటింది. పెద్దాయన సంచి భుజానేసుకుని, "నువ్వెన్ని చెప్పినా భయం వుండాలయ్యా" అంటూ లేచాడు. "వుండాలండీ, చట్టమంటే. మీకూ, నాకూ, సీఐకీ" అన్నాను. జవాబు చెప్పలేదు. షాపు కుర్రాడు తన ఫోన్లోంచి ఆ వీడియో స్టేటస్ తీసేశాడో లేదో నేను చూడలేదు. డిగ్రీ పిల్లోడు మాత్రం తెనాలి ప్లాట్‌ఫారం మీద నా వెనకే వచ్చి, "అన్నా, కొరడా దెబ్బలు రద్దయింది ఏ సంవత్సరమన్నావ్?" అనడిగాడు. 1955 అని చెప్పాను. అరచేతి మీద పెన్నుతో రాసుకున్నాడు.

శూద్రుడికి ఒక శిక్ష, బ్రాహ్మడికి ఒక శిక్ష అని రాసిన మనుస్మృతిని 1927 డిసెంబరు 25న మహద్‌లో బాబాసాహెబ్ సమక్షంలో తగలబెట్టారు. ఆ మంటలో కాలింది కాగితం. ఆ రాత ఇంకా లాఠీల మీద, రైలు పెట్టెల్లో "ఆహా"ల్లో మిగిలే వుంది. దాన్ని చెరపాలంటే ముక్కూమొహం తెలియనివాళ్ళతో కూడా, సెక్షను నెంబరుతో సహా, ఓపిగ్గా, గొంతు తగ్గించకుండా వాదించాలి. ఎదుటివాడు ఏ బజారని అడిగితే బజారు పేరు కూడా గట్టిగా చెప్పి మరీ వాదించాలి.

జై భీమ్!